ఎడ్విన్ లాండ్

ఎడ్విన్ హెర్బర్ట్ లాండ్ (మే 7, 1909 – మార్చి 1, 1991) అమెరికాకు చెందిన శాస్త్రవేత్త, ఆవిష్కర్త, పోలరాయిడ్ సంస్థ స్థాపకుడు. బొమ్మ తీసిన కొద్ది నిమిషములలోనే చేతికి అందించే కెమేరా వలన ఇతడు ప్రసిద్ధుడైనాడు. అంతకు ముందే, నేటికీ ఛాయాగ్రాహకులు కెమేరా కటకానికి తగిలించుకొనే ధ్రువణ ఫిల్టరును సాధ్యము చేసినవాడు కూడా ఇతడే.

బాల్యము, విద్య

లాండ్ కనెక్టికట్ రాష్ట్రములోని బ్రిడ్జ్‌పోర్ట్ నగరములో జన్మించాడు. తండ్రి తుక్కు లోహాల వ్యాపారి. 1926లో హార్వర్డ్ విశ్వవిద్యాలయములో చేరిన లాండ్, కొద్దికాలానికే చదువు మానుకొని న్యూయార్కు వెళ్ళాడు. రాత్రివేళ ఎదురుగా వచ్చే కార్ల దీపాల మిరుమిట్లను అరికట్టాలన్నది అతని పట్టుదల. పగలు గ్రంథాలయములో చదివి, రాత్రులు కొలంబియా విశ్వవిద్యాలయ ప్రయోగశాలలోకి అనుమతి లేకుండానే ప్రవేశించి ప్రయోగాలు చేసేవాడు.

ధ్రువణ పటలము

సాధారణ కాంతి తన ప్రయాణ దిశకు అడ్డముగా అన్ని వైపులకూ కంపిస్తుంది. అందులో ఒక దిశలోని కంపనాలను మాత్రమే సాగనిచ్చేది ధ్రువణకారి. 1828 నుండి వాడుకలో ఉన్న నికోల్ పట్టకము ఈ పనిని చక్కగా చేసేది కాని, అది చిన్నది, ఖరీదైనది. 1852లో ఇంగ్లండు వైద్యుడు హెరపత్ కనుగొన్న క్వినైన్–అయొడిన్ స్ఫటికాలకు కూడా ఈ గుణము ఉన్నది. అవి మరీ పెళుసు కావడముతో పెద్ద స్ఫటికాన్ని పెంచుటకు ఎందరో ప్రయత్నించి విఫలులయ్యారు.

లాండ్ ఇందుకు విరుద్ధమైన దారి పట్టాడు. పెద్ద స్ఫటికానికి బదులు కంటికి కనిపించనంత సన్నని కోట్లాది స్ఫటికాలను జిగట ద్రవములో కలిపి, అయస్కాంత క్షేత్రముతో వాటన్నిటినీ ఒకే వైపుకు తిప్పి, పలుచని పొరగా ఆరబెట్టాడు. 1929లో పేటెంటు కోరాడు. తిరిగి హార్వర్డ్‌లో చేరినా పట్టా పుచ్చుకొనలేదు. 1932లో అక్కడి భౌతికశాస్త్ర బోధకుడు జార్జ్ వీల్‌రైట్‌తో కలిసి ప్రయోగశాల స్థాపించాడు. అదే 1937లో పోలరాయిడ్ సంస్థ అయినది.

స్ఫటికాలు ఎంత చిన్నవైనా కాంతిని కొంత చెదరగొట్టడము వలన ఆ పొరలో స్వల్పముగా మసక ఉండేది. 1938లో లాండ్ స్ఫటికాలనే విడిచిపెట్టాడు. పాలీవినైల్ ఆల్కహాలు పొరను ఒకే దిశలో సాగదీసి అయొడిన్‌తో తడిపాడు. సాగిన అణువుల వెంట అయొడిన్ వరుసగా అమరి ధ్రువణకారిగా పనిచేసినది. నేటి ఫిల్టర్లలో అధికభాగము ఈ పద్ధతినుండి వచ్చినవే.

ఛాయాగ్రహణములో

1934లో ఈస్ట్‌మన్ కొడక్ సంస్థతో కుదిరిన ఒప్పందము లాండ్ పరిశోధనకు తొలి పెద్ద ఆదరువు. ఫిల్టరును తిప్పితే నీటిపైన, గాజుపైన తళతళ తగ్గుతుంది. సూర్యునికి 90 డిగ్రీల దూరాన ఆకాశము ముదురు నీలముగా కనిపిస్తుంది. లోహముపై మెరుపును మాత్రము ఇది తొలగించలేదు. ఫిల్టరు నాణ్యత ముఖ్యముగా రెండింటిపై ఆధారపడుతుంది: అక్కరలేని కంపనాలను పూర్తిగా ఆపడము, సాగనిచ్చిన కాంతికి రంగు అంటనీయకపోవడము. నాసిరకపు పొరలలో ఊదా, నీలి కాంతి కొంత తప్పించుకొని పోతుంది. తరువాతి కాలపు కెమేరాలలో వచ్చిన అర్ధపారదర్శక దర్పణాలు ధ్రువిత కాంతితో తప్పు కొలతలు చూపగలవు. అందువలన పటలము వెనుక మరొక సన్నని పొరను చేర్చిన వర్తుల ధ్రువణ ఫిల్టర్లు వాడుకలోకి వచ్చాయి.

తరువాతి జీవితము

కారు దీపాల ఆశయము మాత్రము నెరవేరలేదు. ప్రతి కారు దీపానికీ, డ్రైవరు ఎదుటి తెరకూ ఈ పటలము ఉంటేనే ఫలితము. పాత కార్లవారికి అది మేలు చేయదు. పైగా పటలము సగానికి పైగా వెలుగును మింగివేస్తుంది. 1940 దశకము చివరికి కార్ల తయారీదారులు పూర్తిగా నిరాకరించారు. అప్పటికే 1947లో లాండ్ తక్షణ ఛాయాగ్రహణాన్ని ప్రదర్శించి ఉండుటచేత సంస్థ నిలబడినది. 1972లో ఎస్ఎక్స్-70 కెమేరా వచ్చినది. 1977లో విడుదలైన తక్షణ చలనచిత్ర పరికరము పోలావిజన్ నష్టము తెచ్చినది. 1982లో లాండ్ తాను స్థాపించిన సంస్థతో సంబంధము తెంచుకొని, కేంబ్రిడ్జ్‌లోని రోలాండ్ సంస్థలో రంగుల దృష్టిపై పరిశోధన కొనసాగించాడు. అతని పేర 535 అమెరికా పేటెంట్లు ఉన్నాయి.