స్వాంటే అర్హీనియస్

స్వీడన్ దేశమున ఉప్సాలా నగరమునకు సమీపముననున్న వీక్ అను చోట 1859వ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీన స్వాంటే అర్హీనియస్ జన్మించెను. ఆతని తండ్రి ఉప్సాలా విశ్వవిద్యాలయమున భూములు కొలుచు ఉద్యోగి. మూడేండ్ల ప్రాయముననే ఆ బాలుడు తనంత తాను చదువ నేర్చెను. తండ్రి లెక్కల పుస్తకములందలి అంకెలను చూచి గణితమునందు ఆసక్తి పెంచుకొనెను.

ఉప్సాలాలో విద్యాభ్యాసము చేసిన పిమ్మట అతడు 1881లో స్టాక్‌హోమునకేగి, ఎడ్లండ్ అను భౌతికశాస్త్రజ్ఞుని కడ పరిశోధన ఆరంభించెను. పొడి ఉప్పునందు విద్యుత్తు ప్రవహింపదు. శుద్ధజలమునందును మిక్కిలి స్వల్పముగానే ప్రవహించును. కాని ఉప్పును నీట కరగించినచో ఆ ద్రావణమున విద్యుత్తు చక్కగా ప్రవహించును. దీనికి కారణమేమి? విద్యుత్తే ఉప్పును విడదీయుచున్నదని నాటి పండితులనేకులు తలంచిరి. అర్హీనియస్ పలుచని ద్రావణములను పెక్కింటిని పరీక్షించి, ఆ ఫలితములను 1884లో ఒక గ్రంథముగా వ్రాసి విశ్వవిద్యాలయమునకు సమర్పించెను. పరీక్షకులకు ఆ భావములు రుచింపలేదు. డాక్టరు పట్టము లభించెను గాని, అది మిక్కిలి తక్కువ శ్రేణిలో లభించెను. 

అర్హీనియస్ నిరుత్సాహపడలేదు. తన గ్రంథప్రతులను విదేశ శాస్త్రజ్ఞులకు పంపెను. రీగా నగరమున ఆమ్లముల బలమును పరిశీలించుచుండిన ఆస్ట్వాల్డ్ దానిని చదివి, ఆ యువకుని చూచుటకై స్వయముగా ఉప్సాలాకు వచ్చెను. అటుపిమ్మట అర్హీనియస్ విదేశములకేగి, ఆస్ట్వాల్డ్, కోల్‌రౌష్, బోల్ట్స్‌మన్ మొదలగువారి కడ పనిచేసి, 1887లో తన సిద్ధాంతమును సంపూర్ణముగా ప్రకటించెను.

ఉప్పు నీట కరగినంతనే, విద్యుత్తు ప్రసరింపకున్నను, ధనావేశము గల సోడియము అయానులుగను, ఋణావేశము గల క్లోరైడు అయానులుగను విడిపోవును. సోడియము నీటితో తీవ్రముగా చర్య జరుపును గదా, క్లోరిను విషవాయువు గదా అని కొందరు ఆక్షేపించిరి. ఆవేశము గల అయాను వేరు, ఆవేశము లేని పరమాణువు వేరు అనుటయే దానికి సమాధానము.

ఆమ్లములు నీటియందు హైడ్రోజను అయానులను, క్షారములు హైడ్రాక్సిల్ అయానులను ఇచ్చును. ఆ రెండును కలిసి నీరగుటయే తటస్థీకరణము. 36.5 గ్రాముల హైడ్రోక్లోరికామ్లమునకు 40 గ్రాముల కాస్టిక్ సోడా సరిపోవును. 18 గ్రాముల నీరును, 58.5 గ్రాముల ఉప్పును ఏర్పడును. పలుచని ద్రావణములందు ఏ బలమైన ఆమ్లమును ఏ బలమైన క్షారముతో కలిపినను, 18 గ్రాముల నీరు ఏర్పడునప్పుడు వెలువడు ఉష్ణము సుమారు 13,700 కేలరీలే. చర్య ఒక్కటియే యగుటచే ఉష్ణమును ఒక్కటియే యయ్యెను. హైడ్రోక్లోరికామ్లము దాదాపు పూర్తిగా విడిపోవును. వెనిగారునందలి అసిటికామ్లము కొలదిగా మాత్రమే విడిపోవును. ఆమ్లముల బలాబలములకు ఇదియే కారణము.

ఆనాడు తక్కువ శ్రేణి పొందిన భావములకే 1903లో అర్హీనియస్‌కు రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. ఆ బహుమానము పొందిన తొలి స్వీడన్ దేశీయుడు అతడే. గాలియందలి బొగ్గుపులుసు వాయువు హెచ్చినచో భూమి వేడెక్కునని 1896లోనే అతడు లెక్కించి చూపెను. 1927 అక్టోబరు 2వ తేదీన స్టాక్‌హోమున పరమపదించెను.

1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీ అను శాస్త్రజ్ఞులు ఆమ్లక్షారముల నిర్వచనమును మరింత విస్తరింపజేసిరి. అయినను ద్రావణముల లెక్కలు నేర్చు విద్యార్థి మొదట ఎక్కు మెట్టు అర్హీనియస్ కట్టినదే. పరీక్షకులిచ్చిన శ్రేణి సత్యమునకు కొలబద్ద కాదని ఆతని జీవితము చాటుచున్నది.