పేరు లేని ఓటు లేదు: శ్రీ సుకుమార్ సేన్

వయోజనులందఱికిని రాజ్యాంగ మొసగిన ఓటుహక్కును గడపగడపకు చేర్చు భారము 1950 మార్చిలో ప్రథమ ప్రధాన ఎన్నికల కమిషనరు శ్రీ సుకుమార్ సేన్ గారిపై పడెను. ఈ వంగీయులు లండనులో గణితమభ్యసించి, ఐ.సి.ఎస్.లో చేరి, పశ్చిమబెంగాలు ప్రధాన కార్యదర్శిగా పనిచేసినవారు.

నాటి ఓటర్లు 17 కోట్లకు పైబడిరి. వారిలో అధికసంఖ్యాకులు నిరక్షరాస్యులు. అందుచే ప్రతి అభ్యర్థికిని ఒక గుర్తును, ఒక ప్రత్యేకమైన పెట్టెను ఏర్పఱచిరి. దొంగ ఓట్లను అరికట్టుటకు వ్రేలిపై చెరగని సిరా నుంచిరి.

అంతకన్న క్లిష్టమైనది స్త్రీల పేర్ల సమస్య. ఉత్తరాదిని పలువురు స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానివారి భార్యననియో, తల్లిననియో వ్రాయించిరి. సేన్ గారు అట్టి నమోదును అంగీకరింపలేదు. సుమారు 28 లక్షల మంది స్త్రీలు జాబితాకు దూరమైరి. హక్కును విస్తరింపజేయ వచ్చినవారికి ఇది కఠిన నిర్ణయమే. కాని ఓటు భర్తది గాదు, కుమారునిది గాదు, ఆమెది.

1953లో సూడాను ఎన్నికలను, 1955లో ఆంధ్రరాష్ట్రపు ఎన్నికలను, 1957లో రెండవ సార్వత్రిక ఎన్నికలను గూడ వారు జరిపించి, 1958లో పదవి వీడిరి.

తొలి సార్వత్రిక ఎన్నికలలో ఓటు వేసినవారు నూటికి సుమారు 45 మంది. 2024లో 66 మంది. అయినను 2019 కంటె ఇది తక్కువ. బదిలీపై ఊరు మారియు జాబితాలో పేరు మార్పించుకొనని ఉద్యోగి, పేరు లేక ఓటు కోల్పోయిన ఆ స్త్రీలను ఒకమారు స్మరింపవలెను.