డేవిస్ కప్పు దాత, ప్రజల టెన్నిస్ కోర్టులు

టెన్నిస్ ఆట నెరుగనివారు సైతము డేవిస్ కప్పు పేరు వినియుందురు. 1974లో అంతిమపోటీ వరకు వచ్చిన మన జట్టు, దక్షిణాఫ్రికా వర్ణవివక్షకు నిరసనగా ఆడ నిరాకరించి ఆ కప్పును వదలుకొనుటచే మన దేశమునను ఆ పేరు ప్రసిద్ధి కెక్కినది. కాని ఆ కప్పు నొసగిన డ్వైట్ డేవిస్ మహాశయుడు తన స్వనగరమున చేసిన పని యొకటి కలదు. అది కప్పుకంటె పెక్కు మడుంగులు విలువ గలదని మా యభిప్రాయము. లోకము వెండిని జూచినంతగా మట్టిని జూడదు గనుక ఆ పనిని స్మరించువారు తక్కువ.

ఆయన 1879 జూలై 5వ తేదీన మిస్సిసిపి నదీతీరమందలి సెయింట్ లూయీ నగరమున జన్మించెను. బట్టల వర్తకమున ఐశ్వర్యము గడించిన కుటుంబము. హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువుచునే టెన్నిస్‌లో ఆరితేరి, హోల్కంబ్ వార్డుతో జతగూడి 1899 మొదలు మూడేండ్లు వరుసగా దేశపు డబుల్స్ విజేతగా నిలిచెను. 1900లో సొంత సొమ్ముతో వెండిపాత్ర చేయించి, దేశముల నడుమ పోటీకి బహుమానముగా నిచ్చెను. ఆ యేటనే బోస్టను చెంత లాంగ్‌వుడ్ క్లబ్బులో జరిగిన తొలిపోటీయందు అమెరికా జట్టునకు తానే నాయకుడై బ్రిటిషు ద్వీపముల జట్టు నోడించెను. తానిచ్చిన పాత్రను తానే గెలుచుకొనుట వినోదముగానే యున్నది!

ఇంతవరకు ఇది ధనికుని కథయే. ఆ కాలమున టెన్నిస్ క్లబ్బుల సొత్తు. చందా కట్టగలవాడును, సభ్యత్వము దొరకినవాడును మాత్రమే బ్యాటు పట్టవలెను. మన తెలుగు పట్టణములలోను ఆఫీసర్ల క్లబ్బు గోడ కావల నిలిచి బంతి చప్పుడు మాత్రము వినినవారి సంఖ్య తక్కువ కాదు.

1903లో న్యాయశాస్త్ర పట్టము నందియు డేవిస్ వకీలు వృత్తిని చేపట్టలేదు. నగర స్నానశాలల సంఘమునను, గ్రంథాలయ పాలకవర్గమునను, పిదప నగర శాసనసభలోను పనిచేసెను. 1911లో పార్కుల కమిషనరై 1915 వరకు ఆ పదవియందుండెను. ఆ నగరమున ఫారెస్టు పార్కను మహోద్యానము కలదు. 1876లో ప్రజలకు తెరవబడిన ఆ వనము 1,300 ఎకరములకు మించినది. 1904 నాటి ప్రపంచ ప్రదర్శనము అందే జరిగినది. అంతటి వనమునను పచ్చికపై కాలు మోపరాదని బోర్డులు పాతియుంచిరి. చెట్లను చూచి పోవుటకే గాని, బిడ్డలు పరుగెత్తుటకు గాదు. డేవిస్ ఆ బోర్డులను తీయించెను. బేస్‌బాల్ స్థలములు, గోల్ఫు మైదానము, వానితో టెన్నిస్ కోర్టులును ఏర్పరచెను. అమెరికాలో పురపాలకులు నిర్మించిన తొలి టెన్నిస్ కోర్టులు ఇవియే యని చెప్పుదురు.

ఇందలి చిక్కును భూవసతి గలవారు సులభముగా గ్రహింపగలరు. డబుల్స్ కోర్టు గీతల నడుమ పొడవు 78 అడుగులు, వెడల్పు 36. ఆటగాండ్రు వెనుకకు, ప్రక్కకు పరుగెత్తుటకు చోటు విడిచినచో ఒక్కొక్క దానికి 120 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు కావలెను. అనగా ఎకరమునకు ఆరు కోర్టులు. ఒక్కసారికి ఆడువారు ఇరువదినలుగురు. ఇంత నేలను ఇంత కొద్దిమందికై పన్నులసొమ్ముతో చదును చేయుట న్యాయమా యని అడుగవచ్చును. క్లబ్బు కోర్టు సభ్యులు రానివేళ పాడుపడియుండును. ప్రజల కోర్టున ఉదయము మొదలు చీకటిపడువరకు వంతుల చొప్పున జనము మారుచుందురు. లెక్క అక్కడ తేలును. మరియొక సంగతి. నేల నణచవలెను, వాననీరు పోవుదారి చూడవలెను, గీతలు దిద్దవలెను, చినిగిన వల మార్చవలెను. కప్పునకు దాత యొక్కసారి సొమ్మిచ్చిన చాలును. కోర్టునకు ఏటేట బడ్జెట్టులో పద్దు ఉండవలెను. ఈ రెండును చేసినవాడొక్కడే యగుట డేవిస్ విశేషము. 1923లో ఆయన అమెరికా టెన్నిస్ సంఘాధ్యక్షుడుగా నుండగా, పార్కులలో ఆడువారికై జాతీయపోటీలు సెయింట్ లూయీలోనే మొదలైనవి.

తరువాతి జీవితము ప్రభుత్వోద్యోగముల జాబితా. 1918లో ఫ్రాన్సు రణరంగమున చూపిన సాహసమునకు పతకము. 1925 నుండి 1929 వరకు యుద్ధశాఖామాత్యత్వము. పిదప 1932 వరకు ఫిలిప్పీను దీవుల గవర్నరు జనరలు పదవి. స్వనగరమున పచ్చికపై నిషేధమును తొలగించినవాడు, స్వాతంత్ర్యము కోరుచున్న పరజాతిపై ఏలికయై కూర్చుండుట మాకు రుచింపదు. ఆ దీవులు 1946లో స్వతంత్రములైనవి. ఆయన 1945 నవంబరు 28వ తేదీననే కన్నుమూసెను.

ప్రజల కోర్టనిన ఏ ప్రజలకు? ఆయన పదవి విడిచిన మరుసటి యేడు, 1916లో, సెయింట్ లూయీ పౌరులు నల్లజాతివారి నివాసములను వేరుపరచు శాసనమును ఓటువేసి నెగ్గించిరి. ఆ మనస్తత్వము ఆటస్థలములను వదలలేదు. 1945లో రిచర్డ్ హడ్లిన్ అను నల్లజాతి ఉపాధ్యాయుడు పురపాలక టెన్నిస్‌లో తనవారికి ప్రవేశము కావలెనని న్యాయస్థానము నాశ్రయింపవలసి వచ్చెను. ఆ హడ్లిన్ చెంతకే 1960లో రిచ్మండు నగరమునుండి ఆర్థర్ ఆష్ అను బాలుడు చదువునకును, ఆటకును వచ్చెను. వాని తండ్రి నల్లజాతివారికై వేరుపరచిన యొక పార్కునకు కాపరి. ఆ పార్కు కోర్టులందే వాడు ఆట నేర్చెను. తెల్లవారి పార్కులో ఆడ వీలులేకపోయెను. 1963లో ఆష్ అమెరికా డేవిస్ కప్పు జట్టున చేరిన తొలి నల్లజాతీయుడయ్యెను. ఫారెస్టు పార్కులోని టెన్నిస్ కేంద్రము నేడు డేవిస్ పేరనే యున్నది.