మామోగ్రఫీ ఫిల్ముకు కడసారి వందనం

రొమ్ములో గడ్డ చేతికి తగలకముందే దాని ఆచూకీ చెప్పిన ఎక్స్‌రే ఫిల్ము ఆస్పత్రుల నుంచి దాదాపుగా నిష్క్రమించింది. దాని స్థానంలోకి డిజిటల్ డిటెక్టర్లు వచ్చాయి. చూపు ఆనకనే ఫిల్ము పోయిందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. తన తర్వాత వచ్చినవాటికంటే అదే సన్నగా చూసేది.

దాని పుట్టుక ఒక్కరోజులో జరగలేదు. 1913లో బెర్లిన్ సర్జన్ ఆల్బర్ట్ సాలమన్, ఆపరేషన్ చేసి తీసేసిన రొమ్ములను ఎక్స్‌రే తీసి క్యాన్సర్ ఆనవాళ్లు వెతికాడు. 1960లో హ్యూస్టన్‌లో రాబర్ట్ ఈగన్ పరిశ్రమల్లో వాడే ఫిల్ముతో స్పష్టమైన చిత్రాలు తీశాడు. కాకపోతే రేడియేషన్ ఎక్కువ పట్టేది. 1972లో డ్యూపాంట్ కంపెనీ ఫిల్ముకు ఒక స్క్రీన్‌ను జత చేసింది. ఎక్స్‌రే తగిలితే స్క్రీన్ వెలుగుతుంది, ఆ వెలుగు ఫిల్ము మీద పడుతుంది. డోసు బాగా తగ్గింది.

ఈ ఫిల్ముతో పని అంత తేలిక కాదు. మందు పూత ఒకవైపే ఉండేది. డార్క్ రూమ్‌లో అంచున ఉన్న గంటును వేలితో తడిమి, పూత ఉన్న వైపు స్క్రీన్‌కు ఆనేలా క్యాసెట్‌లో పెట్టాలి. తిరగేసి పెడితే చిత్రం పాలిపోయి, మసకబారి వచ్చేది. స్క్రీన్ మీద దుమ్ము రేణువు ఒక్కటి నిలిచినా ఫిల్ము మీద తెల్లచుక్క పడేది. డాక్టరు భూతద్దం పెట్టి వెతికేదీ తెల్లచుక్కలనే. గసగసాల కంటే చిన్నవైన ఆ కాల్షియం రేణువులు గుంపుగా కనబడితే, అది తొలిదశ క్యాన్సర్ సూచన కావచ్చు. అందుకే స్క్రీన్ తుడవడం కూడా రోగనిర్ధారణలో భాగమే అయింది.

ఇక పోలిక. ఫిల్ము మిల్లీమీటరు వెడల్పులో 15కు పైగా గీతల జతలను విడివిడిగా చూపేది. 2000 జనవరిలో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించిన తొలి పూర్తిస్థాయి డిజిటల్ యంత్రం, జీఈ సెనోగ్రాఫ్ 2000డీలో ఒక్కో పిక్సెల్ 100 మైక్రాన్లు. ఒక్కో జతకు రెండు పిక్సెళ్లు కావాలి, అంటే మిల్లీమీటరుకు 5 జతలు దాటి చూపలేదు. 70 మైక్రాన్ల డిటెక్టర్లయినా 7 దగ్గర ఆగుతాయి.

మరి ఫిల్ము ఎక్కడ ఓడింది? నలుపు తెలుపుల తేడా చూపడంలో. ఎక్స్‌రే మోతాదు ఒక మధ్యస్థాయిలో అందితేనే ఫిల్ము తేడాలను చక్కగా పట్టేది. గ్రంథి కణజాలం దట్టంగా ఉన్న రొమ్ములో చాలా భాగం తెల్లగా వస్తుంది. గడ్డ కూడా తెలుపే. ఆ తెలుపులో ఈ తెలుపు కలిసిపోయేది. ఒకసారి కడిగిన ఫిల్మును మళ్లీ సవరించడం కుదరదు. డిజిటల్ డిటెక్టర్ తక్కువ మోతాదునూ ఎక్కువ మోతాదునూ ఒకే తీరున నమోదు చేస్తుంది. ఆ తర్వాత తెరమీద ఏ భాగాన్ని కావాలంటే ఆ భాగాన్ని తేటపరచుకోవచ్చు.

తీర్పు 2005లో వచ్చింది. రేడియాలజిస్టు ఎట్టా పిసానో నాయకత్వంలో అమెరికా, కెనడాల్లోని 33 కేంద్రాల్లో 49,528 మంది మహిళలను చేర్చుకుని, ప్రతి ఒక్కరికీ రెండు పద్ధతుల్లోనూ పరీక్ష చేశారు. మొత్తం మీద చూస్తే రెండూ సమానమే. 50 ఏళ్లలోపు వారిలో, దట్టమైన రొమ్ములున్న వారిలో, ముట్లుడగని లేదా ఉడుగుతున్న దశలో ఉన్న వారిలో మాత్రం డిజిటల్ మెరుగని తేలింది. సన్నగా చూడటం ఒకటి, తేడా పట్టడం ఒకటి అని ఆ ఫలితం చెప్పింది.

ఫిల్ము మనకు వదిలి వెళ్లిన ఆస్తి క్రమశిక్షణ. రోజూ పేషెంట్లు రాకముందే ఫిల్ము కడిగే ప్రాసెసర్‌ను పరీక్షించేవారు. నారలు, చుక్కలు, గడ్డల నమూనాలు పొదిగిన ఫాంటమ్ దిమ్మను ఎక్స్‌రే తీసి, 6 నారల్లో 4, 5 చుక్కల గుంపుల్లో 3, 5 గడ్డల్లో 3 కనబడితేనే యంత్రం పాసయినట్టు. డార్క్ రూమ్ పోయింది కదా అని ఈ పరీక్షలను తేలిగ్గా తీసుకుంటే, ఎంత ఖరీదైన డిటెక్టరయినా దండగే.

అమ్మదో అత్తదో పాత మామోగ్రామ్ ఫిల్ముల కవరు మీ ఇంటి బీరువాలో ఉంటే పారేయకండి. ఈసారి వాళ్లు పరీక్షకు వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించమనండి. కొత్తగా వచ్చిన మార్పేదో పాతదాని పక్కన పెట్టి చూసినప్పుడే బాగా తెలుస్తుంది.