తహసీల్దారు గోపన్న - భక్త రామదాసు

మన ఖమ్మం గడ్డ మీద పుట్టి తెలుగువారందరి గుండెల్లో నిలిచిపోయిన మహనీయుడు భక్త రామదాసు. 2006లో వచ్చిన 'శ్రీరామదాసు' సినిమాను టీవీలో చూడని తమ్ముళ్లు మన హాస్టల్‌లో ఉండరేమో. అయితే సినిమా కంటే ఆయన తిరిగిన ఊళ్లు చూస్తేనే ఆయన జీవితం బాగా అర్థమవుతుందని ఎక్స్‌కర్షన్‌లకు వెళ్లినప్పుడు మేము తెలుసుకున్నాం. పెనుబల్లి నుంచి తెల్లవారుజామున బయలుదేరితే ఒకసారి నేలకొండపల్లి, ఇంకోసారి పాల్వంచ మీదుగా భద్రాచలం చూసి, రాత్రి భోజనం వేళకు తిరిగి రావచ్చు.

ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న. 17వ శతాబ్దంలో నేలకొండపల్లిలో లింగన్న, కామాంబ దంపతులకు జన్మించాడు. ఆ ఊళ్లో ఇప్పుడు ఆయన పేరున ధ్యానమందిరం ఉంది. అక్కడే బౌద్ధ మహాస్తూపం కూడా ఉంది. గోపన్న పుట్టడానికి వెయ్యేళ్లకు పైగా ముందే అక్కడ బౌద్ధం వెలిగింది. అంబేద్కర్ గారి జీవితం చదువుకున్న మాకు ఆ స్తూపం ముందు కూడా చాలాసేపు నిలబడాలనిపించింది.

1672లో గోల్కొండ గద్దెనెక్కిన తానీషా కొలువులో గోపన్న మేనమామలు అక్కన్న, మాదన్నలు పెద్ద పదవుల్లో ఉండేవారు. గోపన్నకు పాల్వంచ పరగణా తహసీల్దారు ఉద్యోగం వచ్చింది. రైతుల దగ్గర శిస్తు వసూలు చేసి గోల్కొండ ఖజానాకు పంపడమే ఆ పని.

ఆ పరగణాలోనే భద్రాచలం ఉంది. అక్కడ రాముడికి మొదట తాటాకు పందిరి వేసి పూజ చేసింది పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ అని చెబుతారు. ఆ పందిరి స్థానంలో గోపన్న రాతిగుడి కట్టించాడు, నగలు చేయించాడు. ఇందుకు ఆరు లక్షల వరహాల సర్కారు సొమ్ము ఖర్చయిందని ప్రతీతి. అనుమతి లేకుండా వాడినందుకు తానీషా ఆయనను గోల్కొండ కోటలో బంధించాడు. పన్నెండేళ్లు చెరలో ఉన్నాడంటారు. సీతమ్మ చింతాకు పతకానికి, భరతుని పచ్చల పతకానికి ఎన్నెన్ని వరహాలు పట్టాయో ఒక కీర్తనలో రాముడికే లెక్క చెప్పుకున్నాడు. చివరకు రామలక్ష్మణులే వచ్చి బాకీ తీర్చారని భక్తుల నమ్మకం. విడుదల చేసిన తానీషా ముత్యాల తలంబ్రాలు పంపాడంటారు. శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున తలంబ్రాలు పంపే ఆనవాయితీ నేటికీ ఉంది. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. కోటలో రామదాసు బందీఖానాను నేటికీ చూపిస్తారు.

ఆయన భక్తికి మేము చేతులెత్తి నమస్కరిస్తాం. కానీ తిరుగు ప్రయాణంలో బస్సులో మా మధ్య పెద్ద వాదనే జరిగింది. గుడి కట్టడం మంచి పనే కదా అని కొందరన్నాం. ఆ శిస్తు కట్టిన రైతును ఎవరైనా అడిగారా అని మరికొందరన్నాం. మనం తినే అన్నం, చదివే పుస్తకం, కప్పుకునే దుప్పటి అన్నీ ప్రజల సొమ్ముతో వచ్చినవే. ఆ సొమ్మును ఏ అధికారైనా తనకు మంచిదనిపించిన దానికి మళ్లిస్తే ఖాళీ అయ్యేది మన కంచమే. తన కోసం దాచుకోకపోయినా, లెక్క అడిగినవాడికి గోపన్న జవాబు చెప్పక తప్పలేదు.

తమ్ముళ్లారా! మనలో చాలామంది గ్రూప్స్‌కు తయారవుతున్నారు. రేపు తహసీల్దారు కుర్చీలో మన హాస్టల్ బిడ్డ కూర్చోవాలి. ఆ రోజు గోపన్నలోని పట్టుదలను తీసుకుందాం, లెక్క మాత్రం ప్రజలకు ముందే చెబుదాం. గుడి కట్టించినవాడితో పాటు మొదటి పందిరి వేసిన దమ్మక్కనూ గుర్తుంచుకుందాం. ఎందుకంటే మనం వచ్చింది ఆ పందిళ్ల కిందనుంచే.