కడలి వన్నె

అంతర్వేది వద్ద వశిష్ఠ గోదావరి సాగరంలో కలిసే చోట నీటికి ఒకే వన్నె ఉండదు. వరదల వేళ తీరం చెంత ఒండ్రు కలిసిన ఎరుపు, ఆవల ఆకుపచ్చ, ఇంకా ఆవల నీలిమ. కడలి నీలిమలోని మర్మాన్ని శోధించిన మహనీయుడు సర్ చంద్రశేఖర వేంకట రామన్.

రామన్ 1888 నవంబర్ 7న తిరుచిరాపల్లిలో జన్మించారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్ విశాఖపట్టణంలోని ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులుగా చేరడంతో ఆయన బాల్యం సాగరతీరంలో గడిచింది. పదకొండవ ఏటనే మెట్రిక్యులేషన్ ముగించారు. మదరాసులో ఉన్నత విద్య పూర్తిచేసి, 1907లో కలకత్తాలో ఆర్థికశాఖ ఉద్యోగంలో ప్రవేశించారు. పగలు కచేరీ లెక్కలు, ఉదయ సాయంత్రాలు పరిశోధన. 1917లో ఆ ఉద్యోగాన్ని వదలి, తక్కువ వేతనానికే ఆచార్య పదవిని స్వీకరించారు.

1921లో ఇంగ్లండు ప్రయాణంలో మధ్యధరా సముద్రపు గాఢనీలిమ ఆయనను ఆకర్షించింది. అది ఆకాశపు ప్రతిబింబమేనని లార్డ్ రేలీ అభిప్రాయం. ఆకాశం ఎందుకు నీలంగా ఉంటుందో చెప్పిన మహాశాస్త్రవేత్త మాటను కాదనడం సామాన్యమా! తిరుగు ప్రయాణంలో నర్కుండా నౌకపై నిలిచి, రామన్ నికోల్ పట్టకం గుండా నీటిని ఏటవాలుగా చూచారు. పట్టకాన్ని తగినట్లు త్రిప్పితే నీటిపై ప్రతిఫలించిన ఆకాశకాంతి కంటికి అందదు. రేలీ మాట నిజమైతే నీలిమ చెరిగిపోవాలి. చెరగకపోగా మరింత గాఢమైంది! నీటి అణువులే కాంతిని వెదజల్లుతున్నాయని బొంబాయి రేవు నుండి నేచర్ పత్రికకు లేఖ వ్రాశారు. నీరు ఎరుపుకాంతిని శోషించుకొనడానికి ఆయన ఇచ్చిన ప్రాధాన్యం తక్కువే. నీలిమకు అది ముఖ్యకారణమని నేడు తెలుసు. అయినా వెదజల్లే అణువులు లేనిదే ఆ వన్నె మన కంటికి చేరదు.

ఆ అన్వేషణే 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితానికి, 1930లో నోబెల్ బహుమతికి దారితీసింది. 1970 నవంబర్ 21న బెంగుళూరులో ఆయన కన్నుమూశారు.

ఎనిమిదేండ్ల తరువాత, 1978లో, నింబస్-7 ఉపగ్రహం అంతరిక్షం నుండి కడలి వన్నెను కొలవనారంభించింది. నీటిలో తేలే వృక్షప్లవకాలలోని పత్రహరితం నీలికాంతిని గ్రహిస్తుంది. అందువల్ల అవి పెరిగిన చోట కడలి ఆకుపచ్చనౌతుంది. అయితే ఉపగ్రహాన్ని చేరే కాంతిలో అత్యధికభాగం గాలి వెదజల్లినదే. రేలీ వివరించిన ఆ వెలుగును తీసివేసి, రామన్ వెదకిన నీటివెలుగును మిగుల్చుకొనడమే శాస్త్రజ్ఞుల పని. నిర్మల జలాల లెక్కల్లో రామన్ ఫలితాన్నీ పరిగణిస్తారు.

1999 మే 26న శ్రీహరికోట నుండి మన తొలి ఓషన్‌శాట్ ఎగిసింది. ఆ పరంపరలో 2022 నవంబర్ 26న వెళ్ళిన ఉపగ్రహం వన్నెను పదమూడు కాంతిపట్టీలుగా విభజించి చూస్తుంది. పత్రహరితం, ఉపరితల ఉష్ణోగ్రతల ఆధారంగా హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ మత్స్యకారులకు చేపలు దొరికే తావులను తెలుపుతున్నది. గోదావరి ముఖద్వారాల వద్ద మాత్రం ఒండ్రు ఆ లెక్కను తికమకపరుస్తుంది. అక్కడ పడవపై వెళ్ళి, నీటిని సీసాలలో పట్టి, పత్రహరితాన్ని కొలిచి సరిచూడవలసిందే.