పల్లెపనికి ఆడవాళ్లను చదివించిన దుర్గాబాయమ్మ

ఈసారి లెక్కల పేజీలకు ముందు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి గురించి నాలుగు మాటలు చెప్పుకుందామనుకున్నాం. 1923లో కాకినాడలో ఎగ్జిబిషన్ దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూ గారినే ఆపేసిన పిల్ల ఆవిడే. ఆ కథ మనలో చాలామంది విన్నదే. మాకైతే అంతకు రెండేళ్ల ముందుది ఎక్కువ నచ్చుతుంది. గాంధీ గారు ఊరికి వస్తుంటే, దేవదాసీలూ బురఖా వేసుకునే ఆడవాళ్లూ ఆయన్ను చూడాలని పన్నెండేళ్ల దుర్గాబాయి పట్టుబట్టింది. ఐదువేల రూపాయలు నిధికి ఇస్తేనే కుదురుతుందన్నారు పెద్దలు. ఆ డబ్బు పోగుచేసింది దేవదాసీలే!

1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం వద్దనుకున్నారు, తండ్రి కూడా బలవంతపెట్టలేదు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళితే, చట్టం తెలియక శిక్షపడ్డ ఆడవాళ్లు అక్కడ కనిపించారు. అందుకని లాయరు కావాలనుకున్నారు. చేతిలో మెట్రిక్ కూడా లేదు మరి. బయటికొచ్చాక అక్కడినుంచే మొదలుపెట్టి, 1942లో లా పూర్తిచేశారు. మధ్యలో, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, చదువు ఆగిపోయిన ఆడపిల్లలను బెనారస్ మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టారు. రాజ్యాంగసభలో, ప్రణాళికా సంఘంలో చేసిన పని పుస్తకాల్లో బాగానే ఉంది, ఇక్కడ వదిలేస్తున్నాం.

1953లో కేంద్ర సంఘ సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యారు. మరుసటేడు నుంచి పల్లెల్లో సంక్షేమ ప్రాజెక్టులు మొదలయ్యాయి. ఒక్కోదాని కింద సుమారు 25 గ్రామాలు. బాలవాడి, కాన్పుల సాయం, కుట్టుపని, వయోజన చదువు. నడిపించే కమిటీల్లో జీతంలేని స్థానిక ఆడవాళ్లే ఎక్కువ. కానీ రోజూ ఊళ్లో ఉండి పనిచేసే గ్రామసేవికలు ఎక్కడ దొరుకుతారు? పట్నంలో చదువుకున్నవాళ్లు పల్లెకు రారు. పల్లెలో ఉన్నవాళ్లకేమో చదువు లేదు. మంచి మనసుంటే చాలు, సేవ అదే జరుగుతుందనుకుంటే అక్కడే ఆగిపోయేది.

పల్లె ఆడవాళ్లనే చదివిద్దామన్నారావిడ. తాను మద్రాసులో చేసిందే 1958లో దేశమంతటికీ తెచ్చారు. కొద్దో గొప్పో చదివి మానేసిన పెద్ద ఆడవాళ్లను రెండేళ్లలో మెట్రిక్‌కు తయారుచేసే కోర్సులవి. అది పాసైతే గ్రామసేవిక, నర్సు, టీచరు శిక్షణలకు దారి దొరికేది. వితంతువులకూ, భర్త వదిలేసినవాళ్లకూ ముందు చోటు. పెళ్లయ్యాక పదోతరగతి కట్టి, ఇవాళ సంఘం పుస్తకాలు రాస్తున్న మన అక్కచెల్లెళ్లకు ఇందులోని కష్టం వేరే చెప్పక్కర్లేదు.

దుర్గాబాయమ్మ 1981 మే 9న కన్నుమూశారు. మరొక్కటి చెప్పాలి. చిన్నప్పుడు తనను కట్టుకున్నాయన తర్వాత మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. 1941లో ఆయన పోయాక, ఆ రెండో భార్యకు పని నేర్పించి, తన కాళ్లమీద తాను నిలబడేలా చూసింది కూడా దుర్గాబాయమ్మే.